కొమురమ్మ సాకిన మచ్చ

మనిషి దేహాన్ని పాలనా సౌలభ్యం కోసం రెండు ప్రాంతాలుగా విభజించారు. ఒకటి పళ్లున్న ప్రాంతం, రెండోది మిగిలిన ప్రాంతం. ఈ విభజన కోసం ఎవరూ ధర్నా చేయలేదు. ఒక్క బస్సు ఆగలేదు, ఒక్క కమిటీ కూర్చోలేదు, ఢిల్లీకి ఎవరూ పోలేదు. పెదవుల నుంచి గొంతు మొదలు దాకా ఒక డాక్టరు, అక్కడి నుంచి అరికాలు దాకా ఇంకో డాక్టరు అని ఎప్పుడో ఎవరో తీర్మానించారు, అమలైపోయింది. సరిహద్దులో నాలుక ఉంది. అది ఎవరి వాటాకు వస్తుందో ఇప్పటికీ తేలలేదు, ప్రస్తుతానికి ఉమ్మడిగా వాడుకుంటున్నారు. (విడిపోవడం అన్న మాట వింటేనే గుండె దడదడలాడే మనిషిని నేను. ఇంత ప్రశాంతంగా జరిగిన విభజన నాకు తెలిసి ఇదొక్కటే.)

ఈ సంగతులు నాకు మంజుల వల్ల తెలిశాయి. మంజుల నా కూతురి కూతురు. డోర్నకల్ జంక్షన్‌లో, రైలు కూతకు గిన్నెలు కదిలే మా ఇంట్లో పెరిగింది. జనగామ దగ్గర రోడ్డు పక్కనున్న సర్వాంగ దంత వైద్య కళాశాలలో సీటు తెచ్చుకుంది. పేరు సర్వాంగ అయినా అక్కడ నయం చేసేది ఒక్క అంగాన్నే. పేరుకు అన్యాయం జరగకూడదని కాబోలు, పాఠాలు మాత్రం అన్ని అంగాల మీదా చెప్తారు.

పంటి డాక్టరు కావాలంటే పళ్ల గురించి చదివితే చాలని నాలాంటి వాళ్లు అనుకుంటారు. అది మన అజ్ఞానం. మొదటి ఏడు మంజుల శవాన్ని కోసింది. రక్తంలో ఏముందో, మూత్రంలో ఏం కలిసిందో గాజు గొట్టాల్లో కాచి చూసింది. రెండో ఏడు రోగాలు మొదలయ్యాయి. వాపు ఎందుకు వస్తుంది, గడ్డ ఎందుకు కడుతుంది, ఒక కణం ఒకనాడు ఎవరి మాటా వినకుండా ఎందుకు పెరగడం మొదలుపెడుతుంది, దోమ కడుపులో మలేరియా ఏయే వేషాలు వేస్తుంది, పేగుల్లో పురుగులు సంసారం ఎలా చేసుకుంటాయి, అన్నీ చదివింది. గుండె కవాటాలు, కాలేయం, క్షయ, చక్కెర జబ్బు, ఒకటని కాదు. ఇవన్నీ చదివి, రాసి, పాసైన తర్వాత, ఇక మీదట వీటిలో దేన్నీ ముట్టుకోకూడదని నేర్పారు.

సెలవులకు వచ్చినప్పుడు మంజుల గట్టిగా చదివేది. ఇంగ్లీషులో చదివి, నేను పోరు పెడితే తెలుగులో చెప్పేది. దానివల్ల ఒక ఇబ్బంది వచ్చింది. ఏ అధ్యాయం చదివితే ఆ రోగం నాకు వచ్చేది. గుండె చదివిన వారమంతా నా ఎడమ చెయ్యి లాగింది. మూత్రపిండాల జబ్బు నుంచి నేను బయటపడింది, ఆ పిల్ల కాలేయం మొదలుపెట్టినందువల్లనే. ఒకరోజు ఏదో ప్రోస్టేటు అన్న గ్రంథి గురించి చదువుతుంటే, పుస్తకంలో చెప్పిన లక్షణాలన్నీ నాకున్నాయని కంగారుపడ్డాను.

"అమ్మమ్మా, గది మొగోళ్లకే ఉంటదే. నీకు రాదు," అంది మంజుల.

"గా ముచ్చట ముందే చెప్పొద్దానే?" అన్నాను. అప్పటికే నేను బీరువా తాళంచెవి ఎక్కడుందో పక్కింటి కొమురమ్మకు చూపించి వచ్చాను.

మా వాడకట్టు వాళ్లు జ్వరమొచ్చినా కడుపునొచ్చినా మంజుల దగ్గరికి వచ్చేవారు. అదేమిటో ఆ పిల్లకు తెలిసేది, తెలిసినా మందు రాయకూడదు. కళాశాల నిబంధన ప్రకారం, తెలిసి ఉండుట నేరము కాదు, తెలిసినట్లు ప్రవర్తించుట నేరము. "నీకు పన్ను నొస్తే చెప్పు బాపూ, జ్వరానికి పెద్ద దవాఖానకు పో," అనేది. "పన్ను నొయ్యనీకి నాకు పండ్లేవి బిడ్డా," అని ముసలివాళ్లు మొహం వేలాడేసుకుని పోయేవారు.

ఆఖరి ఏడాదికి వచ్చాక అసలు నిబంధన బయటపడింది. ప్రాక్టికల్ పరీక్షకు రోగిని విద్యార్థే తెచ్చుకోవాలి. పెన్ను తెచ్చుకున్నట్టు, హాల్ టికెట్ తెచ్చుకున్నట్టు. ఆ రోగిని వాళ్ల భాషలో కేసు అంటారు. నోటి రోగాల విభాగానికి పెద్ద రామ్మోహన్ సారు. మా మహబూబాబాద్ వారే గానీ, కళాశాల గేటు దగ్గర చెప్పులు విడిచినట్టు మన భాష విడిచి లోపలికి పోతారు. (పరీక్షలు పెట్టేవాళ్లు కృష్ణా నది అవతలి నుంచి వస్తారు కనుక ఏడాది పొడుగునా అభ్యాసం అవసరమట.) ఆయన మొదటి రోజే చెప్పారు.

"రోగం కంటికి కనబడాలి. సిలబస్‌లో ఉండాలి. మరీ మామూలుగా ఉండకూడదు. ముఖ్యంగా, ఎవరి చెయ్యీ పడి ఉండకూడదు. తాజాగా ఉండాలి. అర్థమైందా?"

ఇంకేం, పిల్లలు వేటకు బయల్దేరారు. జనగామ బస్టాండులో ఆవలించడం ప్రమాదకరంగా మారింది. ఆవలించినవాడి నోట్లోకి తెల్లకోట్లు వంగి చూసేవి. కొత్తగూడ, గంగారం వైపు అడవిలో ఇంకా ఎవరూ చూడని నోళ్లున్నాయని తెలిసి కొందరు అటు పోయారు. నోటిలో మంచి పుండున్న మనిషికి ఆ రోజుల్లో ఉన్న మర్యాద అల్లుడికి కూడా లేదు.

మంజులకు రోగం ఇంటి పక్కనే దొరికింది.

కొమురమ్మ మా పక్కింటి మనిషి. మిరప తోటల్లో కాయ ఏరే కూలికి పోతుంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఈ జంక్షన్‌లో నేను రైలెక్కించిన వాళ్లలో తిరిగి దిగినవాళ్లు తక్కువ. ఏ రైలూ ఎక్కకుండా నా పక్కనే ఉండిపోయిన మనిషి ఈమె ఒక్కతే. పెళ్లయిన నాటి నుంచి తంబాకులో సున్నం నలిపి ఎడమ దవడలో పెట్టుకునే అలవాటుంది. ఆ రోజు మా అరుగు మీద కూర్చుని ఏదో మాటకు పకపకా నవ్వింది. మంజుల ఆ నవ్వును మధ్యలో పట్టుకుంది.

"కొమురవ్వా, కొమురవ్వా! జర గట్లనే ఉండు. నోరు మూయకు."

"ఎందుకే? నాకేమన్న సంబంధం చూస్తున్నవా ఏంది?"

మంజుల ఫోన్ లైటు వేసి, చెంచా కాడతో దవడ పక్కకు లాగి చూసింది. లోపల గోడకు సున్నం కొట్టినట్టు తెల్లటి మచ్చ. ఆ పిల్ల మొహం దీపం పెట్టినట్టు వెలిగింది.

"అమ్మమ్మా! ఇంత మంచి మచ్చ మా క్లాసుల ఎవ్వరికి దొరకలే!"

"మంచిదేనా బిడ్డా?" అని కొమురమ్మ కూడా సంతోషపడింది. ఆమె ఒంట్లో ఉన్నదాన్ని ఎవరైనా మంచిదనడం అదే మొదటిసారి.

అంతలోనే మంజుల మొహం మీద దీపం తగ్గింది. రెండో ఏడు చదివిన పుటలు గుర్తొచ్చాయని నేను కనిపెట్టాను, ఎందుకంటే నాకూ గుర్తొచ్చాయి. ఎవరి మాటా వినకుండా పెరిగే కణం ముందుగా ఇలాంటి తెల్లచీర కట్టుకునే రావచ్చని ఆ పుస్తకంలో ఉంది. అన్నిసార్లూ కాదు. కొన్నిసార్లు. ముక్క తీసి పరీక్షకు పంపితే తప్ప ఇది ఆ కొన్నిసార్లలో ఒకటో కాదో తెలియదు.

మంజుల ఫోన్ చేస్తే రామ్మోహన్ సారు చాలా సంతోషించారు. "అద్భుతమైన కేసు. ముక్క తీయడమా? తీస్తే కుట్లు పడతాయి. కుట్లు పడ్డ కేసును పరీక్షలో ఎలా పెడతావమ్మా? ఉన్నది రెండు వారాలు. పరీక్ష కాగానే అదే రోజు తీద్దాం."

రెండు వారాలంటే ఎంత, అనుకున్నాం. అదే సమయానికి సకల జనుల సమ్మె మొదలైంది.

నేను సమ్మెకు వ్యతిరేకిని కాను. మా రాష్ట్రం మాకు కావాలని నేనూ పట్టాల మీద కూర్చున్నాను. బడులు మూతపడ్డాయి, బస్సులు ఆగాయి, భూపాలపల్లిలో బొగ్గు తవ్వడం ఆపారు, కరెంటు పోయింది, ఆఖరికి మా జంక్షన్‌లో రైళ్లు కూడా ఆగాయి. (పెళ్లై వచ్చిన నాటి నుంచి ఎవరినీ ఎక్కించుకుపోకుండా రైలు నిలబడటం చూడటం నాకదే మొదలు. ఎంతో హాయిగా ఉండింది.) రాష్ట్రం ఇస్తామని ఒకసారి ప్రకటించి, మళ్లీ ఆలోచిస్తామన్న కాలం అది. పరీక్షల వాళ్లూ అదే పద్ధతి పట్టారు. తేదీ ప్రకటించారు, మళ్లీ ఆలోచిస్తామన్నారు. కళాశాల గోడ మీద ఒక ప్రకటన వెలిసింది. మంజుల నాకు ఫోన్‌లో చదివి వినిపించింది.

"ఉద్యమ పరిస్థితుల దృష్ట్యా ప్రాక్టికల్ పరీక్షలు వాయిదా వేయనైనది. విద్యార్థులు తమ తమ రోగులను, రోగులు తమ తమ రోగములను యథాతథ స్థితిలో కాపాడుకొనవలెను. ఈ మధ్యకాలములో ఎవరికైనా నయమైనచో కళాశాల బాధ్యత వహించదు."

దీన్ని అమలు చేయడానికి కేసుల సంరక్షణ ఉపసంఘం ఒకటి ఏర్పడింది. ప్రతి సోమవారం మంజులకు ఫోన్ వచ్చేది. "మచ్చ ఎలా ఉంది?" "ఉన్నది సార్." "రోగి ఎలా ఉంది?" అన్న ప్రశ్న ఉపసంఘం పరిధిలోకి రాదు.

మంచి రోగం వాసన ఎక్కువ రోజులు దాగదు. మంజుల క్లాసులోనే ఉన్న సాయికుమార్ అనే అబ్బాయి, బండికి జై తెలంగాణ జెండా కట్టుకుని, ఆ జెండా బలంతో రాస్తారోకోలన్నీ దాటుకుని, జనగామ నుంచి డోర్నకల్ దాకా వచ్చాడు. చేతిలో యాపిల్ పండ్లు.

"అవ్వా, మా బ్యాచ్‌ల ఏసీ కుర్చీ నాకే వచ్చింది. నాతోటి రా. పండుకున్నట్టే ఉంటది."

కొమురమ్మ పండ్లు అందుకుంది. "పండ్లు మంచిగున్నయి బిడ్డా. మచ్చ మాత్రం మంజులకు మాటిచ్చిన. గదేమన్న మేకపిల్లనా, ఎక్కువ మేత చూపిచ్చినోని ఎంట పోనీకి?"

సాయికుమార్ తర్వాత జనగామ పత్తి మార్కెట్లో హమాలీ పని చేసే భిక్షపతి అనే ఆయన నోట్లో ఇంచుమించు ఇలాంటి మచ్చనే సంపాదించాడని తెలిసింది. మాకు కొంత నెమ్మది కలిగింది.

మంజులకు మాత్రం కలగలేదు. కళాశాల మూతపడి ఇంటికొచ్చిన పిల్ల పుస్తకం తెరిచేది, మూసేది, గోడవతలి కొమురమ్మ దగ్గును వినేది. ఒకరోజు ఉండబట్టలేక పోయి చెప్పింది.

"కొమురవ్వా, నువ్వు తంబాకు బంద్ చెయ్యి. బంద్ చేస్తె మచ్చ దానంతట అదే పోవచ్చు."

"పోతదా?"

"కొందరికి పోతది."

"మరి నీ పరీక్ష?"

"పరీక్ష సంగతి నేను చూసుకుంట. నువ్వైతే బంద్ చెయ్యి."

కొమురమ్మ తలూపింది. ఇంటి ముందున్న తంబాకు డబ్బా కనిపించకుండా పోయింది. మంజుల ఆ రాత్రి కడుపునిండా తిన్నది.

తర్వాత కొన్నాళ్లకు సమ్మెలో భాగంగా మా ఊరి దగ్గర రోడ్డు మీద వంటా వార్పూ పెట్టారు. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద డేగిసల్లో అన్నం, వంకాయ కూర, మా వైపు కారం. అందరం బంతిలో కూర్చున్నాం. మిరప తోటలో పని చేస్తూ పచ్చి మిరపకాయను జామకాయలా కొరికే కొమురమ్మ, కూర పక్కకు నెట్టి, అన్నంలో నీళ్ల మజ్జిగ పోసుకుంది. అదీ కుడి దవడతోనే నమిలింది. నాకు వచ్చిన రోగాలన్నీ అధ్యాయం మారగానే పోయాయి. ఈమెది అధ్యాయం మారేలా లేదు.

"ఏందే కొమురీ, కూర తింటలేవు?"

"నోరు మండుతాంది అక్కా."

"తంబాకు బంద్ చేసినవు గద?"

ఆమె అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగింది. "పిల్లకు చెప్పకు. బంద్ చేస్తె మచ్చ పోతదన్నదక్కా. పోతె పిల్ల పరీక్ష ఏంగావాలె? ఇన్నేండ్ల సదువు. అందుకే డబ్బా దాచిపెట్టి, ఇదివరకటి కంటె ఇంకింత ఎక్కువేస్తున్న. సాకుతున్న అక్కా దాన్ని. నా పెయ్యిల, నా నోట్లె ఉన్నదానితోటి ఒక్క పిల్లన్న డాక్టరైతె మంచిదే గద."

కళాశాల ప్రకటన రాసినవాళ్లు ఇంత శ్రద్ధగా దాన్ని అమలు చేసేవాళ్లు దొరుకుతారని అనుకొని ఉండరు.

చెప్పకు అన్నది కనుక నేను చేతులు కడుక్కునే దాకా ఆగి, తర్వాత చెప్పాను. మంజుల అదే రోడ్డు మీద, డేగిస పక్కన, కొమురమ్మ నోరు తెరిపించింది. తెల్ల మచ్చ మధ్య ఎర్రగా పచ్చిగా ఉంది. వేలు పెట్టి అంచు తడిమింది, గట్టిగా తగిలింది. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి, ఏ పుటో వల్లె వేసుకుంటున్నట్టు. తర్వాత కొమురమ్మను తిట్టింది.

"ఎవలు సాకుమన్నరే నిన్ను? పిచ్చిదానవా? నేను సదివింది నీ మచ్చ చూసి మురువనీకా?"

"కోపమెందుకే? మంచిగ పెరుగుతలేదా?" అంది కొమురమ్మ.

మంజుల చెయ్యి కడుక్కుంది. రామ్మోహన్ సారుకు ఫోన్ చేసింది.

"సార్, నేను కొమురవ్వను హైదరాబాద్ తీసుకపోతున్న. ముక్క తీయిస్త. అవసరమైతె మచ్చే తీయిస్త."

"సమ్మె ఇవాళో రేపో ఆగుతుందమ్మా. ఆగిన వారానికే పరీక్ష. ఇన్నాళ్లు కాపాడినదాన్ని ఇప్పుడు పాడుచేసుకుంటావా?"

"అవును సార్."

"నీ ఇష్టం. అయితే రాసివ్వాలి."

రాసిచ్చింది. "నా కేసును నేనే నయము చేయించుచున్నాను. ఇందులో ఎవరి బలవంతమూ, ప్రోత్సాహమూ లేవు." రెండో మాట రామ్మోహన్ సారే చెప్పి రాయించారు.

రైళ్లు లేవు. మా వాడకట్టు దానియేలు ఆటోలో ముగ్గురం బయల్దేరాం. అడుగడుగునా రోడ్డుకు అడ్డంగా చెట్టుకొమ్మలు, వాటి వెనక పిల్లలు. దవాఖానకంటే వదిలేవారు గానీ జై తెలంగాణ అనకుండా మాత్రం వదిలేవారు కాదు. నెక్కొండ దగ్గర ఒకడు ఆటోలోకి తల పెట్టాడు.

"ఏందవ్వా, గట్టిగ అనవు? ఆంధ్రోళ్ల పార్టీనా?"

"ఆమె నోట్లె పుండున్నదన్నా," అంది మంజుల.

"గట్లనా? ముందే చెప్పొద్దా! అరేయ్, అవ్వ తరఫున మనమే అనాలెరా!" అన్నాడు. పదిమంది చేరి కొమురమ్మ తరఫున గొంతు చించుకుని అరిచి, కొమ్మలు లాగి దారిచ్చారు. ఆ మొత్తం ప్రయాణంలో అనుమతి దొరకడానికి పట్టిన అతి తక్కువ సమయం అదే.

హైదరాబాద్‌లోని పెద్ద దవాఖానలో మొదట చెప్పిన విభజన మళ్లీ ఎదురైంది. పళ్ల కిటికీ దగ్గర మనిషి, "చెంప మాది కాదు," అన్నాడు. గొంతు కిటికీ దగ్గర మనిషి, "నోరు మాది కాదు," అన్నాడు. ఎడమ చెంప లోపలి భాగం ఎవరిదీ కాని ప్రాంతమని, కొమురమ్మ పుట్టినప్పటి నుంచి దాన్ని అనుమతి లేకుండా వాడుతోందని మాకు అక్కడ తెలిసింది. మంజుల రెండు కిటికీల మధ్య నిలబడి, ఆ రోగం పేరు, దాని దశల పేర్లు, కణాలు ఏ వరసలో దారి తప్పుతాయో, అన్నీ ఇంగ్లీషులో అప్పజెప్పింది. గట్టిగానే అప్పజెప్పింది. లోపలి నుంచి ఒక పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఎవరీ అమ్మాయి? లోపలికి పంపండి," అన్నది. సర్వాంగ కళాశాలలో అన్ని అంగాల చదువూ ఎందుకు చెప్పారో నాకు అప్పుడు తెలిసింది. కిటికీల దగ్గర అరవడానికి.

ముక్క తీశారు. ఇంకా ఆ రోగం కాలేదు, ఆ రోగం అయ్యే దారిలో చాలా దూరం వచ్చింది, అన్నారు. మచ్చను చుట్టూ కండతో సహా తీసేశారు. ఇంకో ఆరు నెలలు సాకి ఉంటే పెద్దదయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. కొమురమ్మ తల వంచుకుంది.

నేను, మంజుల ముందుగా ఇంటికి వచ్చాం. కొమురమ్మ తమ్ముడు దగ్గరుండి, కుట్లు విప్పించాక తీసుకొచ్చాడు. అప్పటికి సమ్మె ముగిసి రైళ్లు నడుస్తున్నాయి. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. రైలు ఆగింది. కొమురమ్మ దిగింది. ఇలాంటిది నాకు అలవాటు లేదు. ఏం చేయాలో తెలియక ఆమె చేతిలోని సంచి లాక్కున్నాను.

పరీక్ష రానే వచ్చింది. మంజుల ఒక్కతే పోతానంటే కొమురమ్మ ఒప్పుకోలేదు. "మచ్చ లేకున్నా మచ్చ ఉన్న జాగున్నది గద. గది సూపిస్త. మాటిచ్చిన," అని కొత్త చీర కట్టుకుంది. నన్ను కూడా రమ్మన్నది. విద్యార్థుల ఇళ్లవాళ్లకు లోపలికి ప్రవేశం లేదు గానీ, పళ్లు లేని ముసలివాళ్లను అక్కడ ఎవరూ ఆపరు, ఏదో ఒక విభాగం వాళ్ల సొత్తు అనుకుంటారు.

కుర్చీలు వరసగా ఉన్నాయి. ఒక కుర్చీలో కొమురమ్మ, పక్క కుర్చీలో భిక్షపతి. కృష్ణ అవతలి నుంచి వచ్చిన పరీక్షాధికారి ముందు మంజుల దగ్గరికి వచ్చాడు. కొమురమ్మ అడక్కుండానే నోరు తెరిచింది. ఆయన చూశాడు, మళ్లీ చూశాడు, లైటు సరిచేసుకుని చూశాడు.

"రోగం ఏదమ్మా?"

"తీయించినం సార్. ఇదీ రిపోర్టు."

"తీయించినమా!" అని ఆయన ఆ యాసకు మురిసిపోయి, ఆ మాటను రామ్మోహన్ సారుకు కూడా వినిపించాడు. రామ్మోహన్ సారు, ఆ మాట తనూ ఎక్కడో విన్నట్టు, దూరంగా నవ్వారు. "మరి నన్ను దేని మీద అడగమంటావు? ఈమె ఆరోగ్యంగా ఉంది కదా."

"అవును సార్."

"ఆరోగ్యం మన సిలబస్‌లో లేదమ్మా," అని ఆయన జాలిగానే చెప్పి, పక్క కుర్చీకి పోయాడు.

పక్క కుర్చీలో భిక్షపతి నోట్లో మచ్చ నిండుగా ఉంది. పరీక్షాధికారి కళ్లు చల్లబడ్డాయి.

"ఈ మచ్చ కనబడగానే ఏం చేయాలి?"

"ఒక్క రోజు కూడా ఆలస్యం చేయొద్దు సార్," అన్నాడు సాయికుమార్ గడగడా. "తంబాకు మాన్పించాలి. వెంటనే ముక్క పరీక్షకు పంపాలి. రిపోర్టును బట్టి తీయించాలి."

"వెరీ గుడ్. ఎన్నాళ్లుగా ఉంది నీ దగ్గర ఈ కేసు?"

"సమ్మెకు ముందు నుంచి సార్."

"బాగా కాపాడావు," అని భుజం తట్టాడు.

ఫలితం అక్కడే తెలిసిపోయింది. వరండాలో మంజుల గోడకు ఆనుకుని నిలబడింది. కొమురమ్మ ఆమె గదవ పట్టుకుని బతిమాలింది. "ఏడ్వకే బిడ్డా. నా తప్పే. వచ్చే పరీక్షకు ఇంకో మంచి రోగం తెచ్చుకుంట."

రామ్మోహన్ సారు కఠినుడు కాదు. ఆయనే వచ్చి ఉపాయం చెప్పారు. "సప్లిమెంటరీ ఆరు నెలల్లో వస్తుంది. ఈ భిక్షపతినే నువ్వు వాడుకో. పరీక్షాధికారికి కూడా నచ్చిన కేసు. సాయికుమార్‌కు ఇక అవసరం లేదు కదా. అప్పటిదాకా జాగ్రత్తగా ఉంచుకోమని ఆయనకు చెప్పాను."

భిక్షపతి మెట్ల మీద కూర్చుని, సాయికుమార్ ఇచ్చిన బిర్యానీ పొట్లం విప్పుతున్నాడు. ఒక ముద్ద పెట్టుకుని, మొహం చిట్లించి, కుడి వైపుకు జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడం నేనెరిగిందే. మంజుల ఆయన్ను చూసింది. నేను మంజులను చూశాను. ఆ పిల్లకు పరీక్ష ఎంత అవసరమో నాకు తెలుసు కనుక, నేనేమీ మాట్లాడలేదు. మాట్లాడింది కొమురమ్మ. పోయి ఆయన పక్కన కూర్చుని, నోరు తెరిచి, వేలితో దవడ లాగి చూపించింది.

"తమ్మీ, గిట్ల తీస్తరు. పెద్ద నొప్పేం ఉండది. రేపే పోదాం పా."

"సారు మళ్ల రమ్మన్నడక్కా. మచ్చను పైలంగ ఉంచుకోమన్నడు. మళ్ల బిర్యానీ పెడ్తనన్నడు."

"బిర్యానీ తినేతందుకు నోరుండాలె గద తమ్మీ!"

మంజుల కళ్లు తుడుచుకుంది. "బాపూ, హైదరాబాద్‌ల నాకు కిటికీలన్ని తెలుసు. నేనొస్త," అంది. మర్నాడు జనగామలో ఆయన్ను రైలెక్కించి తనూ ఎక్కింది.

అలా సప్లిమెంటరీకి మంజుల దగ్గర కేసు లేకుండా పోయింది. సంగతి తెలిసి మా వాడకట్టు ఆడవాళ్లంతా మా అరుగు ముందుకు వచ్చి నోళ్లు తెరిచారు. తమలో ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ఉండకపోదని వాళ్ల ధైర్యం. నేను కూడా తెరిచాను. నా నోట్లో ఏమీ లేదని చెప్పి మంజుల పక్కకు జరగమన్నది. పుస్తకంలోని రోగాలన్నీ వచ్చినదాన్ని, అవసరానికి ఒక్కటీ లేకుండా పోయింది. ఇద్దరి నోళ్లలో మచ్చలు దొరికాయి. మంజుల చాలాసేపు చూసింది. తర్వాత ఆ ఇద్దరినీ కూడా రైలెక్కించింది. నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఇద్దరూ తిరిగి దిగారు.

సప్లిమెంటరీ తర్వాత కళాశాల నుంచి ఇంటికి ఒక తాఖీదు వచ్చింది. "సదరు విద్యార్థిని సంచరించిన ప్రాంతములలో రోగములు గణనీయముగా తగ్గుచున్నవి. ఇది తోటి విద్యార్థుల విద్యావకాశములకు భంగకరము. ఇకపై ఇట్టి చర్యలు మానుకొనవలెను."

సాయికుమార్ ఇప్పుడు జనగామలో బోర్డు పెట్టుకున్నాడు. మా వాడకట్టులో నోట్లో మచ్చ ఉన్న మనిషి ఒక్కరూ లేరు. అందువల్ల మంజుల ఇంకా డాక్టరు కాలేదు.